నక్షత్రయుద్ధ క్రీడాగ్రంథములు: శక్తివృద్ధి విచారము

కావ్యములను, నాటకములను, లక్షణగ్రంథములను విమర్శించు పత్రికయందు పాచికల యాటను గూర్చిన వ్యాసము కాననగుట కొందరు పాఠకులకు వింతగా దోచవచ్చును. కాని యీ యాట జూదము కాదు. నలుగురైదుగురు మిత్రులొక బల్లచుట్టు గూర్చుండి, ఒక్కొక్కరొక పాత్రను ధరించి, నోటిమాటతో నొక కథను నడుపుదురు. వారిలో నొకడు సూత్రధారుడు. లోకమును వర్ణించుట, ప్రతినాయకులను నడుపుట, సందేహము వచ్చినచోట న్యాయము చెప్పుట వాని పని. ఫలము సంశయాస్పదమైనపుడు పాచికలు నిర్ణయించును. పందెము లేదు; ఆట ముగిసిన పిదప మిగులునది కథ యొక్కటియే. ఈ జాతి క్రీడలలో, జార్జి లూకసు 1977లో వెలువరించిన ‘స్టార్ వార్సు’ చలనచిత్రము నాశ్రయించి పుట్టిన గ్రంథములు కొన్ని గలవు. ఆ కథాలోకమున ‘ఫోర్సు’ అను మహాశక్తి సమస్త జీవులను పెనవేసికొని యుండును. దానిని సాధించిన యోధులకు జెడాయిలని పేరు. ఆ శక్తిని ప్రయోగించుటకును, పెంపొందించుకొనుటకును ఆయా గ్రంథకర్తలు చేసిన విధులే ప్రకృత విచారమునకు విషయము.

పాచికల విధులలో సాహిత్యమేమున్నదని పూర్వపక్షము. దీనికి సమాధానము దుర్లభము కాదు. లక్షణగ్రంథము కావ్యము కాదు. అయినను కావ్యమెట్లుండవలయునో నిర్దేశించును. ఈ క్రీడాగ్రంథములును అట్టివే. ఇంతకంటె సమీపమైన దృష్టాంతము మన యవధానమున గలదు. నిషిద్ధాక్షరియందు పృచ్ఛకుడు పెట్టు నిషేధము పద్యము కాదు. కాని యవధాని యా క్షణమున నే పదము నాశ్రయించునో నిర్ణయించునది యా నిషేధమే. అట్లే క్రీడావిధి కథ కాదు గాని, కథకుడు ధర్మసంకటమున నెటు మొగ్గునో దానిని మలచునది విధియే. విధి మంచిదైనచో కథ రసవంతమగును. చెడ్డదైనచో ఆటకాండ్రు లెక్కలు గట్టుకొందురు గాని కథ చెప్పరు. ఇంకొక సంగతియు గలదు. 1991లో వెలువడిన ‘ఎయిర్ టు ది ఎంపైర్’ అను నవలను వ్రాయునపుడు దాని కర్తయగు తిమోతి జాన్‌నకు వెస్టెండు గేమ్సు వారి క్రీడాగ్రంథములను ఆధారముగా నిచ్చియుండిరి. క్రీడకొరకు పుట్టిన వర్ణనము నవలకు మూలమైనపుడు, వానిని సాహిత్యవిమర్శకు వెలిగా నుంచుట న్యాయము కాదు.

శక్తిని గూర్చిన కథ యెచ్చటనైనను మూడు ప్రశ్నలకు బదులు చెప్పవలయును. శక్తి యెట్లు లభించినది? ప్రయోగమునకు వెల యేమి? ప్రయోగించినవాని నది యేమి చేసినది? ఈ మూడవ ప్రశ్నయే కథకు ప్రాణము. మనకు పరిచితములైన రెండు కథలను స్మరించినచో నీ విషయము స్పష్టమగును. బాలకాండమున విశ్వామిత్రుడు తపస్సుచే శక్తిని కూర్చుకొనును. త్రిశంకుని కొరకు దానిని వెచ్చించును. మేనకవలన కొంత పోగొట్టుకొనును. రంభను శపించి, కోపమువలన మరల కోల్పోవును. కోపమును జయించిన పిదపనే బ్రహ్మర్షి యగును. అచ్చట శక్తికిని శీలమునకును పద్దు ఒక్కటే. అల్లసాని పెద్దన మనుచరిత్రమున ప్రవరుడు సిద్ధుడొసగిన పాదలేపముతో హిమాలయమునకేగును. ఆ లేపము మంచున గరగిపోవును. ఎరువు తెచ్చుకొన్న శక్తి యాపదలో నిలువలేదు. వాని నింటికి జేర్చినది యగ్నినిష్ఠయే. శక్తికథను దూచుటకు నాకు దొరకిన తూనికరాళ్లివి: శక్తియు శీలమును ఒకదానినొకటి తాకవలయును; తాకు స్థలము కథలో కంటికి గనబడవలయును.

ఇక గ్రంథములను పరిశీలింతము. మొదటిది 1987లో వెస్టెండు గేమ్సు వారు ప్రకటించినది. కర్త గ్రెగ్ కాస్టిక్యన్. ఇందు మహాశక్తిని మూడు విద్యలుగా విభజించిరి. తన్ను దాను నిగ్రహించుకొనుట మొదటిది. బాహ్యమును గ్రహించుట రెండవది. ఉన్నదానిని మార్చుట మూడవది. తన గాయమును త్వరగా మాన్పుకొనుటకు మొదటి విద్య చాలును. దూరముననున్న వస్తువును కదలించుటకు మూడవది కావలయును. పరుని మనస్సును వంచుటకు మూడును గూడవలయును. ఈ విభాగములో నొక యోగక్రమము గోచరించుచున్నది. తన్ను దాను జయింపనివాడు పరుని మనస్సుపై జేయి వేయరాదను భావము విధిలోనే యిమిడియున్నది. మరియు, పరహృదయమును సోకు ప్రయోగములలో దూరమును బట్టియు, బంధుత్వమును బట్టియు కష్టము హెచ్చుతగ్గులగును. తోబుట్టువులు, దంపతులు, తల్లిబిడ్డలు సులభముగా దొరకుదురు. అపరిచితులు మిక్కిలి కష్టముతో దొరకుదురు. స్నేహమునకు దూరమును జయించు గుణము గలదను కవిసమయమును ఒక పట్టికగా వ్రాసిన చమత్కారమిది.

విద్యావృద్ధికి మూల్యము గోష్ఠిగోష్ఠికి లభించు నంకములతో చెల్లించవలయును. 1992 నాటి రెండవ కూర్పున నొక విద్య నాలుగు పాచికల స్థాయినుండి ఐదింటికి జేరుటకు మూడు మెట్లు. మెట్టుకు నాలుగంకముల చొప్పున 12 అంకములు. గురువు లేనిచో నది రెట్టింపు. గురువు లేక విద్య రాదని శాసింపక, గురువు లేనిచో విద్య ప్రియమగునని చెప్పుట మెచ్చదగిన విధానము. నిషేధించిన విధి కథకు తలుపు మూయును. వెల పెంచిన విధి కథను పుట్టించును. గురువు కొరకు వెదకు శిష్యుని ప్రయాణమే యొక కథ యగును గదా.

ఈ గ్రంథమునకు కిరీటము వంటిది శక్తిబిందువు. దానిని వెచ్చించిన వానికా క్షణమున సామర్థ్యమంతయు రెట్టింపగును. స్వార్థమునకు వెచ్చించినచో బిందువు నశించును. ధీరకార్యమునకు వెచ్చించినచో కథాంతమున తిరిగివచ్చును. ఆ ధీరకార్యము కథ పరాకాష్ఠ నందిన క్షణమున జరిగినదేని బిందువు తిరిగివచ్చుటయేగాక మరియొకటి తోడగును. దుష్కార్యమునకు వెచ్చించినచో నది పోవుటయేగాక తామసబిందువొకటి సంక్రమించును. వ్యయము చేయగా వృద్ధియగు ధనమిది. ఇచ్చట శక్తివృద్ధి త్యాగమునుండి పుట్టుచున్నది. అదియును ఉచితకాలమున చేసిన త్యాగమునుండి. ఔచిత్యమును రసమునకు ప్రాణముగా భావించు మన యాలంకారికులకీ విధి పరాయిదిగా దోపదు.

పతనవిధి యింతకంటె కఠినము. తామసబిందువు సంక్రమించిన ప్రతిసారియు ఆటకాడొక పాచిక వేయవలయును. పడిన సంఖ్య తన తామసబిందువుల కంటె తక్కువైనచో ఆ పాత్ర తామసపక్షమున బడి, ఆటకాని చేతినుండి సూత్రధారుని చేతికి బోవును. ఒక బిందువున భయము లేదు. రెండింట ఆరింట నొక పాలు, మూడింట రెండు పాళ్లు. ఏడవ బిందువున పతనము నిశ్చయము. ప్రాయశ్చిత్తమునకు దారి గలదు గాని, పడిన పిదప నాటకాడు తన పాత్రను కోల్పోయినట్లే. ఇందు భయానకము గలదు, ప్రలోభము లేదు. ఏలయన, తప్పు చేయుటకు పూర్వమే దండనము స్పష్టముగ కానవచ్చుచున్నది. వివేకవంతుడగు ఆటకాడు దాని దరికే పోడు. అతని పాత్ర ధర్మాత్ముడై నిలుచును. కాని యెన్నడును శోధింపబడడు.

తరువాత 2000లో విజర్డ్స్ ఆఫ్ ది కోస్టు వారు వేరొక పద్ధతి నవలంబించిరి. అందు శక్తిప్రయోగమునకు ప్రాణబలమే మూల్యము. ప్రయోగించినకొలది యోధుడు డస్సి, శత్రువు దెబ్బకు లోకువగును. వెల గలదు, కాని యది శరీరమునకే గాని శీలమునకు గాదు. 2007లో వారే ప్రకటించిన ‘సాగా’ కూర్పున సిద్ధులు తూణీరమున బాణములవలె లెక్కకు వచ్చును. ఒకటి ప్రయోగించినచో అయిపోవును. పోరు ముగిసి క్షణకాలము విశ్రమించినచో తూణీరము తిరిగి నిండును. ఈ కూర్పున తామసాంకమునకు పరిమితి పాత్రయొక్క వివేకాంకమే; అదియు నిదియు సమానమైనపుడు పతనము. అనగా నధికవివేకి యల్పవివేకి కంటె నెక్కువ పాపములను జేసి నిలువగలడు. వివేకము పాపమును వారింపక దానికి చోటు గల్పించుట తలక్రిందులైన న్యాయము. ఆట వేగముగ నడచుటకీ కూర్పు మిక్కిలి యనుకూలమని యొప్పుకొనవలయును. కాని శక్తివిషయమున నిది యాయుధశాస్త్రమేగాని సిద్ధిశాస్త్రము కాదు.

అటుపిమ్మట ఫాంటసీ ఫ్లైట్ గేమ్సు వారు 2013 మొదలు మూడు గ్రంథములను వెలువరించిరి. వానిలో 2015 నాటి ‘ఫోర్స్ అండ్ డెస్టినీ’ శక్తిసాధకులకొరకు వ్రాయబడినది. ఈ గ్రంథమునకు ప్రాణము 12 ముఖములుగల యొక తెల్లని పాచిక. దానిపై అంకెలు లేవు. తెల్లచుక్కలు, నల్లచుక్కలు గలవు. తెల్లచుక్క సాత్త్వికశక్తి, నల్లచుక్క తామసశక్తి. ఆరు ముఖములపై నొక్కొక్క నల్లచుక్క, ఒక ముఖముపై రెండు. రెండు ముఖములపై నొక్కొక్క తెల్లచుక్క, మూడు ముఖములపై రెండేసి. లెక్కింపగా తెల్లవి 8, నల్లవి 8. సరి సమానము. కాని నల్లముఖములు 7, తెల్లముఖములు 5. అనగా తామసము తరచుగ వచ్చును, కొద్దికొద్దిగ వచ్చును. సాత్త్వికము అరుదుగ వచ్చును, వచ్చినపుడు నిండుగ వచ్చును. 1980 నాటి చిత్రమున వృద్ధగురువు తామసపక్షము శీఘ్రమైనదే గాని బలవత్తరము గాదని శిష్యునకు బోధించును. ఆ బోధను వాక్యముగ గాక వస్తువుగ జేసి యాటకాని చేతిలో బెట్టిరి. ఇట్టి నిపుణత తక్కిన గ్రంథములలో గానరాదు.

దీనిని లెక్కవేసి చూతము. స్వల్పకార్యమునకొక చుక్క చాలును. ఒక పాచికతో సాత్త్వికునకది 12లో 5 పాళ్లు లభించును. పతితుడైన తామసునకు 7 పాళ్లు. మహాకార్యమునకు మూడు చుక్కలు కావలయుననుకొందము. రెండు పాచికలతో సాత్త్వికునకది 144లో 21 పాళ్లు. తామసునకు 13 మాత్రమే. చిన్నపనులలో తామసుడు ముందుండును. పెద్దపనులలో సాత్త్వికుడు ముందుండును. గ్రంథకర్తలీ మాట నెచ్చటను నీతిగ జెప్పనక్కరలేదు. పాచికయే చెప్పుచున్నది.

ప్రలోభస్థానమిప్పుడు చూడవలయును. సాత్త్వికుడు పాచిక వేసెను, నల్లచుక్కయే పడినది. ప్రయోగము విఫలము. అయితే వాడు కోరినచో నా నల్లచుక్కనే వాడుకొనవచ్చును. దానికి మూడు వెలలు. బృందమునకంతకును ఉమ్మడియైన అదృష్టఫలకములలో నొకదానిని తెల్లవైపునుండి నల్లవైపునకు ద్రిప్పవలయును. అది యిక సూత్రధారునకు ఉపయోగపడును. వాడిన చుక్కకొక పాలు చొప్పున తాను బడలిక పొందవలయును. చుక్కకొకటి చొప్పున సంఘర్షణాంకమును దన పద్దున వ్రాసికొనవలయును. ఒకడు చేసిన తప్పునకు బృందమంతయు అప్పుపడుట యిందు విశేషము. మిత్రుడు గోతిలోనికి జారుచుండగా, చేతిలో నల్లచుక్క మాత్రమే యుండగా, బల్లచుట్టునున్న వారందరు తనవంక జూచుచుండగా ఆటకాడు నిర్ణయింపవలయును. 1987 గ్రంథమున లేని ప్రలోభమిదియే. చెడుగుదారి చెడుగుగ గాక, ఆ క్షణమున కరుణగ గనబడును.

శక్తివృద్ధిక్రమమును గూడ నీ పాచికతోనే చదువవలయును. ప్రతిసిద్ధియు నొక వృక్షముగ జిత్రింపబడినది. ఉదాహరణమునకు, వస్తువులను కదలించు సిద్ధికి మూలము 10 అనుభవాంకములతో లభించును. అప్పుడు మనుష్యునికంటె చిన్నవస్తువును దగ్గరిదూరమున కదలింపవచ్చును. పిదప బలమునకొక కొమ్మ, దూరమునకొక కొమ్మ, సంఖ్యకొక కొమ్మ, నైపుణ్యమునకొక కొమ్మ. ఒక్కొక్క కొమ్మకు వేరువేరుగ వెల. అయితే కొమ్మను గొన్నంతమాత్రమున నది పలుకదు. ప్రయోగవేళ దానిని మేల్కొల్పుటకు మరియొక చుక్క వెచ్చించవలయును. దగ్గరి చిన్నరాయికొక చుక్క. దూరముననున్న పెద్దబండకు మూడు. పాచికల సంఖ్యను దెలుపు శక్తిమానము ఒకటితో మొదలగును. రెండవ పాచిక కావలయుననిన విశేషవృక్షమున సామాన్యముగ నట్టడుగువరుసకు దిగి 25 అంకములు చెల్లించవలయును.

దీని ఫలమేమి? ఒక పాచిక గలవానికి స్వల్పకార్యమునకు తెల్లచుక్క నూటికి 42 పాళ్లు లభించును. రెండు గలవానికి 66. మూడు గలవానికి 80. అనగా సాధన పెరిగినకొలది చిన్నపనులయందు ప్రలోభము తగ్గును. కాని కొమ్మలు పెరిగినకొలది కోరికయు పెరుగును. రెండు పాచికలతో మూడుచుక్కల కార్యమును తలపెట్టినచో తెల్లచుక్కలతో మాత్రమే నెరవేరుట 144లో 21 పాళ్లని యింతకుముందు జెప్పితిని. నల్లచుక్కలను గూడ కలుపుకొన్నచో నది 80 పాళ్లగును. దాదాపు నాలుగురెట్లు. కాబట్టి సిద్ధిపొందినవాని నెప్పటికిని ప్రలోభము విడువదు. చిన్నవాకిలి మూసికొని పెద్దవాకిట నిలుచును. విశ్వామిత్రుని కథలో మేనక పిదప రంభ వచ్చినట్లు, గెలిచిన శోధన వెనుక నంతకు మించిన శోధన వేచియుండును. ఇట్టి యర్థమును సంఖ్యలలో బొదిగిన గ్రంథమును కేవలము వినోదవస్తువని త్రోసివేయుట సాధ్యము కాదు.

ఇంత మెచ్చిన పిదప దోషమును గూడ జెప్పవలయును. ఈ గ్రంథమున శక్తికొక పద్దు, శీలమునకు వేరొక పద్దు. శీలాంకము సామాన్యముగ 50తో మొదలగును. 30కి దిగువ తామసము, 70కి పైన సాత్త్వికోన్నతి. గోష్ఠి ముగిసినపుడు పదిముఖముల పాచిక నొకదానిని వేసి, పడిన సంఖ్యను ఆనాటి సంఘర్షణాంకములతో బోల్చవలయును. పాచిక హెచ్చైనచో భేదము శీలమునకు గలియును; తక్కువైనచో తీసివేయబడును. పదిముఖముల పాచికకు సగటు ఐదున్నర. కావున గోష్ఠికి మూడేసి సంఘర్షణాంకములను సంపాదించువాడు, అనగా ప్రతిదినము కొంచెము తప్పు చేయువాడు, సగటున రెండున్నర చొప్పున శీలమున బెరుగుచు, ఎనిమిది తొమ్మిది గోష్ఠులలో సాత్త్వికోన్నతిని పొందును! హత్యవంటి ఘోరకార్యమునకు పదికి తక్కువగాని యంకములు విధించినమాట నిజమే. కాని దినదినమును జరుగు చిన్నతప్పునకు వడ్డీ లేకపోగా బహుమానము దొరకుచున్నది. లెక్క నెరిగిన యాటకాడు నల్లచుక్కను వాడునపుడు మిత్రుని ముఖమును జూడడు. తన పద్దున నేటికింక నెన్ని చెల్లునో చూచును. క్షణమున బుట్టిన ధర్మసంకటము సాయంకాలమునకు జమాఖర్చుగ మారినది. మరియు, అనుభవాంకములు శీలమునడుగవు. శీలాంకము 80 గలవానికిని, 20 గలవానికిని వృక్షపు కొమ్మ యొక్కవెలకే దొరకును.

ఇదియంతయు క్రీడ గదా, ఆటకాండ్రయందు సద్భావమున్నచో విధియందలి లోపమేమి చేయునని కొందరనవచ్చును. సద్భావమున్నచో విధియే యక్కరలేదు. మంచివిధి యనగా లెక్కగట్టు స్వభావముగలవానిని గూడ కథలోనికి లాగునట్టిది. 2015 నాటి పాచిక యట్టిది. ఆ గ్రంథమునందలి శీలపట్టిక యట్టిది కాదు.

ఈ గ్రంథముల నన్నింటిని దూచి చూడగా నాకు దేలిన సిద్ధాంతమిది. శక్తిని గూర్చిన విధి ప్రయోగక్షణమున శీలమును దాకినచో కథ పుట్టును. గోష్ఠ్యంతమున దాకినచో లెక్క పుట్టును. 1987 గ్రంథము త్యాగక్షణమును జక్కగ బట్టినది; ప్రలోభక్షణమును వదలినది. 2015 గ్రంథము ప్రలోభక్షణమును బట్టినది. త్యాగమునకు తగిన ఫలము నీయలేదు. నడుమనున్న రెండు కూర్పులును శక్తిని బలముగ మాత్రమే యెంచినవి. ఒకదాని శక్తిబిందువును, ఒకదాని పాచికను గలిపి యాడు సూత్రధారుడు రెండింటికంటె మేలైన నాటకమును నడుపగలడని నా తలంపు. అట్లు కలుపుట కష్టమని తోచినవారు మరియొక సులభమార్గము ననుసరింపవచ్చును. ఆటకాడు వృక్షమున క్రొత్తకొమ్మను గొనునపుడు, సూత్రధారుడు వాని నొక్క ప్రశ్న యడుగవలయును: ఇది నీకు గడచిన కథలో నే కార్యమువలన లభించినది? బదులు దొరకినచో కొమ్మ యిచ్చునది. దొరకనిచో తరువాతి గోష్ఠికి నిలుపునది. పద్దులు రెండును అప్పుడొక్కటియగును. సిద్ధి పాదలేపమువలె కరగిపోక, తపఃఫలమువలె పాత్రతో నిలుచును.